మూడడుగుల బుసక

నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ బయటా అందరూ అంటారు. అననీ. ఈ ఒక్క సంగతిలో మాత్రం నా కోపానికి నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోను.

మా అమ్మాయికి తొమ్మిదో తరగతిలో షటిల్ పిచ్చి పట్టింది. మా ఊరు గుడివాడకూ గుడ్లవల్లేరుకూ మధ్య. ఆడాలంటే గుడివాడ వెళ్ళాలి. బడి వదిలాక బస్సెక్కితే అక్కడ కోర్టు ఖాళీ అయ్యేసరికి చీకటి పడేది, తిరుగు బస్సు వస్తే వచ్చినట్టు. చివరికి విసుగెత్తి మానేస్తానంది. పదహారేళ్ళప్పుడు ఇంట్లో నాచేత బాల్ బ్యాడ్మింటన్ మాన్పించారు. "ఆటేగా, పోతే పోయింది" అన్నారు నాన్న. ఆ రోజు "ఆడనివ్వండి నాన్నా" అని నా తరఫున మాట్లాడింది మా అన్నయ్య ఒక్కడే. అందుకే నా కూతురు మానేస్తాననగానే నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. పెరట్లో గేదెల చావిడి తీసేసిన చోటు ఖాళీగా ఉంది కదా, అక్కడే కోర్టు వేయిస్తానన్నాను.

మాది నల్ల రేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. వేసవిలో ఆ నెర్రెలో చెయ్యి పెడితే మోచేతిదాకా పోతుంది. అందుకని మా వైపు ఏం కట్టినా ముందు నల్లమట్టి తవ్వి తీసేసి, ఆ గుంటలో బందరు వైపు నుంచి తెచ్చిన బుసక పోస్తారు. సన్నటి ఇసక అది, ఉబ్బదు, పగలదు. పోసేముందు ఇంటివాళ్ళు గుంటలో కర్ర దింపి లోతు చూసుకుంటారు. మేస్త్రీ ఏమీ అనుకోడు, కర్ర తనే అందిస్తాడు.

ఇళ్ళు కట్టించడమే మా అన్నయ్య పని. ఇంకొకరిని ఎందుకు పిలుస్తాను?

"మూడడుగులు తవ్విద్దాం చెల్లాయ్. చుట్టూ అడుగెత్తు గట్టు కడతా, బయటి నీళ్ళూ బురదా లోపలికి రావు. నా మేనకోడలికి వేసే కోర్టు, గుడివాడలో కూడా అట్టాంటిది ఉండకూడదు" అన్నాడు.

కార్తీకం వెళ్ళాక తవ్వకం మొదలైంది. ఆ రోజే మా అత్తగారికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే అవనిగడ్డ వెళ్ళి నాలుగు రోజులు ఉండిపోయాం. తిరిగొచ్చేసరికి బుసక చదునుగా పరిచి ఉంది. మా ఆయన చేతిలో సంచి కింద పెట్టకుండానే దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఓ మూల తవ్వి లోతు చూద్దామా?" అన్నారు.

"మా అన్నయ్య తవ్వించిన గుంటలో కర్ర దింపుతారా? ఏమనుకుంటాడన్న ఇంగితం ఉండక్కర్లేదూ?" అని మీద పడ్డాను. పాపం, ఆయన సంచి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

బుసక మీద కాంక్రీటు కూలీలు పోశారు. గట్టు మాత్రం అన్నయ్య తనే కూర్చుని కట్టాడు. నీళ్ళ పైపు పట్టి మట్టం చూశాడు, దారం లాగాడు, ఎర్రరంగు వేయించాడు. నేను బందరులో టీచర్ని. స్టాఫ్ రూమ్‌లో ఆ గట్టు ఫొటో చూడని వాళ్ళు లేరు. ఆ చలికాలమంతా మా అమ్మాయి ఇంట్లోనే ఆడి, జూన్‌లో జరిగే జిల్లా సెలక్షన్లకు పేరిచ్చింది.

వైశాఖంలో అన్నయ్య కొత్త ఇంటి గృహప్రవేశం. ఆడపడుచుని కదా, పాలు నేనే పొంగించాను.

అప్పటికే నెట్టు కింద సన్నగా గీత పడింది. నెల తిరక్కుండా అది పగులై, ఒక పక్క కాంక్రీటు రెండంగుళాలు కుంగింది. మా అమ్మాయి వెనక్కి అడుగులేస్తూ దానికి తట్టుకుని పడింది. చీలమండ బూరెలా వాచింది. దానికి కట్టు కట్టించి తెచ్చాక, నేను ఇనప చువ్వ తీసుకుని పగుల్లో దింపాను. జానెడు దిగి ఆగింది. అటూ ఇటూ తిప్పి పైకి తీస్తే కొనకు నల్లమట్టి!

బుసక తోలిన ట్రాక్టరాయన మా ఊరివాడే. వెళ్ళి అడిగాను.

"మీకు తెలీదా అమ్మగారూ? మీ పెరట్లో మూడు ట్రక్కులే పోశామండీ. మిగతాదంతా నందివాడ రోడ్డులో మీ అన్నయ్యగారి ఇంటి పునాదుల్లోకి తోలించారు. మీరే తీసుకోమన్నారని చెప్పారండీ."

నేనే తీసుకోమన్నానట! అడిగితే ఇవ్వనా? అడగలేదే! నా డబ్బుతో కొన్న బుసక మీద నిలబడి, నేనే పాలు పొంగించి, ఆ ఇంటికి మంచి జరగాలని దణ్ణం పెట్టుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను అసలు పట్టుకోవాలనే అనుకోలేదు.

ఫోన్ చేసి నిలదీస్తే అన్నయ్య తడుముకోను కూడా లేదు. "మాది కాపురం ఉండే ఇల్లు చెల్లాయ్. మీది ఆటేగా. పిల్ల గెంతే చోటుకి మూడడుగులు దేనికి?"

అచ్చం నాన్న మాట. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పిల్లకు కూడా చెప్పలేదు.

జూన్ వానలకు రేగడి ఉబ్బి కోర్టు ముక్కలు ముక్కలుగా లేచింది. గట్టు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. పైకి కనపడేది కదా, దాని కింద పునాది సరిగ్గానే వేశాడు. మడికి కట్టినంత గట్టిగా కట్టాడేమో, వాన నీళ్ళన్నీ లోపలే నిలిచాయి. "నారు పోస్తారా టీచర్‌గారూ?" అని పక్కింటాయన నవ్వాడు. ఆ వారమే సెలక్షన్లు. మా అమ్మాయి వెళ్ళలేదు.

ఆదివారం నేను గడ్డపలుగుతో గట్టు పగలగొడుతుంటే అన్నయ్య వచ్చాడు.

"అయ్యయ్యో, గట్టెందుకు పగలగొడతన్నావే? అదొక్కటీ బానే ఉందిగా!"

"అవును, అదొక్కటే బావుంది" అని ఇంకో పోటు పొడిచాను.

మా అమ్మాయి కుంటుకుంటూ వచ్చి మావయ్యకు కుర్చీ వేసింది. "అమ్మా, కాఫీ పెట్టనా?" అంది.

"పాలు లేవు" అన్నాను.

పొయ్యి మీద గిన్నెనిండా పాలు అప్పుడే కాగాయి. ఆ వాసన పెరటిదాకా వస్తోంది. అన్నయ్య కుర్చీ వంక చూశాడు, నా వంక చూశాడు, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు.