ఒక్కటే వెడల్పు టైరు

లాక్‌డౌన్ మొదలైన రెండో వారానికి నా భయమంతా సైకిల్ టైర్ల మీదికి వచ్చి చేరింది. నన్ను కన్న అవ్వకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒక్కసారి తప్పినా ఒంటికి నీరు పట్టి ఊపిరి ఆడదు. మిల్లు పని కోసం వలస వచ్చి ఉంటున్న వడోద్‌లో మా గల్లీకి రోడ్డు వైపు బొంగులు అడ్డం కట్టేశారు. ఆటోలు లేవు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే కరోనా వాళ్లకే చాలడం లేదన్నారు. ఉధ్నాలోని ఆస్పత్రికి మురుగు పారే ఖాడీ గట్టు దారి ఒక్కటే మిగిలింది. దాని మీద రోడ్డు వేస్తామని కంకర పోసి, లాక్‌డౌన్ రాగానే వదిలేసి పోయారు.

నా సైకిల్‌వి సన్న టైర్లు. నున్నటి రోడ్డు మీద మిల్లుకు పోయి రావడానికి ఏరికోరి వేయించుకున్నాను. అవ్వను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లిన మొదటి రోజే వెనక టైరు రాయి తగిలి చీలింది. దిగి తోసుకుంటూ పోదామంటే సైకిల్ ఆమె కాళ్లు వేలాడేసిన వైపే ఒరుగుతోంది. చీలిన టైరుకు గుడ్డ చుట్టి ఎలాగో చేరాం.

మర్నాడు సైకిల్ షాపాయన షట్టర్ సగం ఎత్తి, ఉన్నదంతా వెతికాడు. నా చక్రాలకు పట్టే వెడల్పు టైరు ఒక్కటే దొరికింది. దాన్ని ముందు వేసుకుని, ముందున్న సన్నదాన్ని వెనక్కి మార్చుకోమన్నాడు. కంకరలో హ్యాండిల్ నిలబడాలట. నాకు కోపం వచ్చింది. ఇరవై ఏళ్లు మగ్గాలు నడిపినవాణ్ణి, బరువు సంగతి ఇతను నాకు చెప్పడమేంటి? మగ్గానికి నూలు చుట్టిన బరువైన బీమ్ వెనకే ఉంటుంది, గట్టిదనం అక్కడే కావాలి. అవ్వ కూర్చునేదీ వెనకే. వెనకే వేయించాను. మగ్గం మలుపు తిరగదన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

తర్వాతి డయాలసిస్ రోజు గట్టు మీద వెనక చక్రం రాయిలా నిలబడింది. ముందుది మాత్రం కంకరలో దిగబడి, ఖాడీ వైపు జారడం మొదలుపెట్టింది. హ్యాండిల్ బిగపట్టి, పళ్లు కరుచుకుని తొక్కుతున్నాను. ఉన్నట్టుండి సైకిల్ తేలికైంది.

అవ్వ లేదు. ఖాడీలో పడిపోయిందనే అనుకున్నాను. వెనక్కి తిరగడానికి నా మెడ ఒప్పుకోలేదు. తిరిగి చూస్తే పది అడుగుల దూరంలో, వాచిన కాళ్లతో కంకరలో నిలబడి ఉంది. ఆస్పత్రి ఫైలు గుండెకు అదుముకుని రొప్పుతోంది. ఎందుకు దిగావని అరిచాను. ఆమె చేత్తో ముందు చక్రాన్ని చూపించింది.

"ముందల చక్రం ఊగుతాంది బిడ్డా. నేను పడితె నువ్వు లేపుతవు. నువ్వు పడితె నన్నెవలు తీస్కపోతరు?"

ఎలాగో ఆస్పత్రికి పోయి వచ్చాక, ఆ సాయంత్రమే షాపుకు పోయి టైరు ముందుకు మార్పించాను. హ్యాండిల్ నిలబడింది కానీ నా భయం పోలేదు. ఆ తర్వాత ఆ కంకరలో తొక్కుతూ ప్రతి వంద గజాలకూ "ఉన్నవా అవ్వా?" అని అడిగేవాణ్ణి. "ఉన్న" అనేది. ఒక్కోరోజు ఆ జవాబు ఆలస్యమయ్యేది. అది వినపడేదాకా తొక్కుతూనే ఉండేవాణ్ణి, వెనక్కి తిరిగి చూసే ధైర్యం చాలక.