చెయ్యెత్తని అచ్చమ్మ

అచ్చమ్మకు నలుగురిలో మాట్లాడాలంటే భయం. హిందీలో అయితే మరీ భయం. టెక్కలి దగ్గరి పల్లె నుంచి పెళ్లి చేసుకుని భిలాయి వచ్చి ఇన్నేళ్లయినా, కూరల బండి దగ్గర బేరమాడేంత హిందీ తప్ప ఆమెకు పట్టుబడలేదు. అలాంటి మనిషి వార్డు మెంబరయింది. సీటు ఆడవాళ్లకు కేటాయించారని తెలిసి, ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్ అవతల నాలా అనే పెద్ద మురుగు కాలువ ఒడ్డునున్న తెలుగు బస్తీ వాళ్లంతా కలిసి ఆమెను నిలబెట్టారు. కిందటి వానలకు నాలా పొంగి ఇళ్లలోకి వచ్చినప్పుడు, పొరుగింటి ముసలమ్మను వీపున వేసుకుని టౌన్‌షిప్‌లోని సెక్టర్ 4 దాకా నడిచిందని వాళ్లకు ఆమె మీద గురి. ఆ రోజు నడుము దాకా వచ్చిన నీళ్లలో ప్రాణాలు అరచేత పట్టుకుని నడిచానని ఆమె ఎవరికీ చెప్పలేదు.

అది తొంభై ఏడో సంవత్సరం. ఊరి పనులకు వచ్చిన నిధులు రెండింటిలో ఒక్కదానికే సరిపోతాయన్నారు. ఒకటి నాలాకు గోడలు. రెండోది పక్క ఊరు దుర్గ్‌లోని ఆఫీసుల దాకా రోడ్డు వెంట వేసే కొత్త రకం కేబుల్. వెంట్రుకంత సన్నటి గాజు తీగలో వెలుగు పోతుందనీ, ఆ వెలుగే మాటల్ని మోసుకెళ్తుందనీ ఇంజినీరు యజ్ఞనారాయణ ఆమెకు తెలుగులో విడమరిచి చెప్పారు. అచ్చమ్మకు అది నచ్చింది కూడా. కాకపోతే నాలా గోడలయ్యాకే అది రావాలంటుంది, అంతే.

నిధులు దేనికివ్వాలో తేల్చే సభకు ముందు గురునాథరావు అచ్చమ్మ ఇంటికొచ్చాడు. కేబుల్‌కు కందకం తవ్వే పని ఆయనకే వస్తుందని ఊరంతా అనుకుంటున్నారు. ప్లాంటులోకి కూలీలను పంపే ఠేకేదారు, అదే కాంట్రాక్టరు కూడా ఆయనే. అచ్చమ్మ భర్త నూకరాజు గేటు పాసు ఆయన చేతిలోనే ఉంది. టీ తాగాడు, పిల్లల చదువులు అడిగాడు, లేస్తూ అన్నాడు:

"నూకరాజు పాసు ఈ నెలతో అయిపోద్ది గదమ్మా. నువ్వు కేబులుకి చెయ్యెత్తు. మిగతాది నాను సూసుకుంటాను."

గొంతు పెంచలేదు. అయినా ఆయన తాగిన గ్లాసును ఆమె రెండుసార్లు కడిగింది. సంగతి విని నూకరాజు, నీ ఇష్టం అన్నాడు గాని ఆమె మొహంలోకి చూడలేదు. కంచంలో అన్నం సగం వదిలేసి లేచాడు.

సభకు వెళ్లే దారి పొడుగునా ఆమె చెప్పాల్సిన నాలుగు హిందీ ముక్కలు వల్లె వేసుకుంది. గురునాథరావు తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. ముందు కేబుల్‌కు నిధులివ్వాలన్న తీర్మానం చదివారు. చేతులు లేచాయి. గుమాస్తా లెక్కపెట్టి, తీర్మానం నెగ్గడానికి ఇంకొక్క చెయ్యి తక్కువైందన్నాడు. అందరూ అచ్చమ్మ వైపు తిరిగారు.

"దీదీ, ఆప్?" అన్నాడు అధ్యక్షుడు, మరి మీరు అక్కా అన్నట్టు.

ఆ వచ్చిన కాస్త హిందీ కూడా ఎగిరిపోయింది. లేచి నిలబడి, ముందున్న కుర్చీ పట్టుకుంది.

"నాకు బయంగా ఉంది బాబూ. ఆ తలుపు కాడ ఆయన్ని సూస్తే బయం, మిమ్మల్ని సూస్తే బయం. గానీ ఆ నాలాని సూస్తే ఇంకా బయం. ముందు గోడలు కట్టండి. నాను చెయ్యెత్తను."

సభలోనే ఉన్న ఇంజినీరు యజ్ఞనారాయణ ఆమె మాటల్ని హిందీలో చెప్పారు. తలుపు దగ్గరి మనిషి మాట మాత్రం వదిలేశారు.

తీర్మానం వీగిపోయింది. నిధులు నాలా గోడలకు వెళ్లాయి, కేబుల్ మరుసటి ఏటికి వాయిదా పడింది. నూకరాజు పాసు మళ్లీ రాలేదు. చలికాలమంతా కుమ్హారి వైపు ఇటుక బట్టీలకు కూలికి వెళ్లాడు. అరచేతులు పగిలి ఇంటికొచ్చేవాడు. అచ్చమ్మ వాటికి కొబ్బరినూనె రాస్తూ, తప్పు చేశానా అని అడగబోయి మానుకునేది. ఆయనా ఆమెను ఒక్క మాట అనలేదు. ఎండలు ముదిరే వేళకు వేరే ఠేకేదారు ఆయన్ని పనిలో పెట్టుకున్నాడు.

బస్తీలో అందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. అచ్చమ్మకు మాత్రం గురునాథరావు జీపు చప్పుడు వింటే ఇప్పటికీ గుండె దడే.

వానలకు ముందే గోడలు లేచాయి. మొదటి పెద్ద వాన పడ్డ మధ్యాహ్నం నాలా ఎర్రగా పరవళ్లు తొక్కుతూ గోడ అంచుల దాకా వచ్చి, అక్కడే ఆగింది. పిల్లలు కేకలేస్తూ చూడటానికి పరిగెత్తారు. అచ్చమ్మ బియ్యం డబ్బా ఒళ్లో పెట్టుకుని, నాలాలో నీళ్లు తగ్గేదాకా మంచం దిగలేదు.