గోడ వంకర

ముందు సక్కగ కూసో బిడ్డా. ఫోన్ పక్కకు పెట్టు, నేను చెప్తుంటే రాసుకో, నడుమల నవ్వద్దు. నిన్న నువ్వు డబ్బాల తెచ్చిన నల్లపండ్లు ఒకటి నోట్లేసుకున్న సంది నాకు బోధన్‌ల మా ఇల్లే యాదికొస్తున్నది.

చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని దినాలు ఊరంత పాకం వాసన. చెరుకు బండ్లు పోతుంటే పోరగాండ్లం ఎన్కనుంచి గడలు గుంజుకొని, నోటిపండ్లతోని చీరి, పిప్పి ఊంచుకుంట తిరుగుతుంటిమి. ఒక వానకాలం మా పెరట్ల, మట్టిగోడను ఆనుకొని, ఏదో మొక్క మొలిచింది. ఎవ్వరం నాటలే. గిన్నెలు కడిగిన నీళ్లు నేనే పోస్తుంటి, గందుకే అది నా చెట్టు.

మూడేండ్లకు, ఎండలు మొదలయ్యేసరికి నాకంటె ఎత్తు పెరిగింది గని పేరే తెల్వకపాయె. ఒకే కొమ్మకు ఒక ఆకు నిండుగ, ఇంకో ఆకు మూడు పాయలుగ చీలి ఉంటుండె. మా బాపమ్మ నిండాకు తెంపి, "మేడిచెట్టు. దేవుని చెట్టు, కొట్టద్దు" అన్నది. బాపు చీలినాకు తెంపి, "యాడి మేడి? అడివి పత్తి. ఉగాది పోయినంక గోడ కొత్తగ పెట్టాలె, అడ్డమున్నది, కొట్టేస్త" అన్నడు. తల్లీకొడుకులు చెరో ఆకు పట్టుకొని కొట్లాడిండ్రు గని, ఒకలి ఆకు ఒకలు సూడలే.

బాపు గొడ్డలి నూరిన పొద్దుగాల, చెట్టు ఎట్లయినా పోతదని నేను ఆఖరిసారి దానికింద కూసున్న. ఆకుల కింద నల్లగ, మెత్తగ, పురుగులసొంటి పండ్లు! కడుపునిండ తిన్న. మా అమ్మ నా నాలిక చూసి, "అయ్యో, పిల్ల ఇసం తిన్నది!" అని మొత్తుకున్నది. బాపమ్మ ఉప్పునీళ్లు తెచ్చి నా ముక్కు మూసి పట్టింది. బాపు గొడ్డలి ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు. ఇసమో కాదో ఎవలు చెప్తరు, చెట్టు పేరే తెల్వకపాయె!

గా లొల్లికి పక్కింటి ఖాలా గోడమీదికెళ్లి తొంగిచూసి కిలకిల నవ్వింది.

"అరె, గిది శహతూత్! మా అమ్మోళ్ల పెరట్ల ఉంటుండె. పిల్లకు ఉప్పునీళ్లెందుకమ్మా, నాకు నాలుగు పండ్లియ్యి!"

నువ్వు తెచ్చిన డబ్బా మీద మల్బరీ అని రాసున్నది గదా, గదే. మేం ఇయ్యకముందే చెయ్యి చాపి తెంపుకొని తిని, నల్లటి నాలిక మాకు చూపెట్టింది. బాపమ్మ సుత ఒకటి నోట్లేసుకున్నది.

"పత్తి కాదని నేను ముందే చెప్పిన" అన్నది కొడుకుతోని.

"మేడి గాదని నేను చెప్పలేదానే?" అన్నడు బాపు, ఇంకోటి తెంపుకుంట.

గోడ పెట్టినప్పుడు బాపు చెట్టు దగ్గరికొచ్చేసరికి వంపు తిప్పిండు. సగం కొమ్మలు మాదిక్కు, సగం ఖాలా దిక్కు. ఎండకాలమంత రెండిండ్ల పిల్లల నాలికెలు నలుపే.

ఇప్పుడు చెట్టూ లేదు, ఖాలా లేదు, ఇల్లమ్ముకున్నం. కొత్తోళ్లు సిమెంటుగోడ కట్టిండ్రు గని, పాత పునాది మీదనే కట్టిండ్రేమో, గా వంకర గట్లనే ఉన్నది. మొన్న అటుపోయినప్పుడు ఆగబుద్ధై తలుపు కొట్టిన. ఇంటామె వచ్చి, "ఏం గావాలె అవ్వా?" అన్నది. నీ గోడ ఎందుకు వంకరున్నదో చెప్దామని నేను—

"అత్తమ్మా, బువ్వ సల్లారుతుంది, రార్రి!"

వస్తున్ననే కోడలా! బిడ్డా, గా డబ్బా ఇటు తే, నీ నాలిక సూడనియ్యి, అన్ని నువ్వే తిన్నవా ఏంది!