బోర్ల పెదనాయన, మా పడవ

ఆ రోజుల్లో నాకు సిగ్గు తక్కువ, నోరు ఎక్కువ. (నోరు ఇప్పటికీ తగ్గలేదని మా ఇంట్లో అంటారు. అది వేరే సంగతి.) లేకపోతే కడప ఎండలో, బిందె నీళ్ల కోసం జనం ట్యాంకరు వెనక పరిగెత్తే సీమలో, "మా యూనివర్సిటీలో పడవ పందేల క్లబ్బు ఉంది, మీ కంపెనీ స్పాన్సర్ చేయాలి" అంటూ ముక్కూమొహం తెలియని వాళ్ల ఆఫీసుల్లో దూరే తెగువ ఎవరికి వస్తుంది? ఇప్పుడు కర్నూలులో ఉద్యోగం చేసుకుంటూ, పక్కింటికి వెళ్లి రెండు రెబ్బల కరివేపాకు అడగాలన్నా గుమ్మం దగ్గర ఆగి ఆలోచించే మనిషిని నేను. అప్పటి ఆ పిల్ల అంత ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుందో, తెచ్చుకున్నది ఎక్కడ పారేసుకుందో తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కొంచెం దిగులూ వేస్తుంది.

క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. నలుగురు ఆడపిల్లలం, ఒక పీడీ సారు, ఒక పాత పడవ. అంతే క్లబ్బు. పీడీ సారు వయసులో ఉన్నప్పుడు కబడ్డీ ఆడినాయన. రోయింగు గురించి ఆయనకు తెలిసిందల్లా తడవకుండా ఒడ్డున నిలబడి విజిల్ ఊదడం. పడవ ఏమో ఎక్కడో స్పోర్ట్స్ ఆఫీసు వాళ్లు ఇక పనికిరాదని మూలన పడేస్తే, సారు లారీ మాట్లాడి తెచ్చుకున్నది. చిక్కుడుకాయలా సన్నగా, పొడుగ్గా ఉండేది. పైన ఫైబరు ఎంత పలచనంటే, వేలితో కొడితే డప్పులా మోగేది. వానలు బాగా పడిన రెండేళ్లు మా ఊరి పక్క రిజర్వాయరు నిండింది. ఆ రెండేళ్లూ మేము తెల్లవారుజామునే లేచి, ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని పోయి తెడ్లు వేశాం. అరచేతులు కాయలు కాశాయి. (మా అమ్మ నా చేతులు పట్టుకుని చూసి, చదువుకోను పోయినావా, రాళ్లు కొట్టను పోయినావా అని అడిగింది.) ఇంతా చేసి ఒక్క పందెంలో కూడా దిగలేదు. పందేలు జరిగేది హైదరాబాదులో. పడవను, మనుషులను అంత దూరం పంపడానికి నిధులు లేవని యూనివర్సిటీ వాళ్లు ఏటా చెప్పేవారు. మాకు అది చివరి సంవత్సరం. చదువు అయిపోయేలోపు ఒక్కసారి, గెలవకపోయినా సరే, ఒకే ఒక్కసారి పక్కన ఇంకో పడవ ఉండగా తెడ్డు వేయాలి. మా నలుగురికీ అంతకు మించిన కోరిక లేదు. సొంతంగా ఏదైనా కంపెనీని పట్టుకోగలిగితే పొమ్మని పై వాళ్లు అన్నారు. నోరున్నదాన్ని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

నాకు తోడు పాస్టరమ్మ వచ్చింది. వేంపల్లె దగ్గర పల్లెలో వాళ్ల నాయన పాస్టరు. అందుకని మేమంతా ఆ పిల్లను పాస్టరమ్మ అనేవాళ్లం. నేను మాట్లాడుతుంటే పక్కన కూర్చుని లోలోపల ప్రార్థన చేయడం తన వంతు. మొదట ఒక సిమెంటు ఫ్యాక్టరీకి పోయాం. అక్కడ ఏసీ గదిలో ఒక ఆఫీసరు మా మాటలన్నీ శ్రద్ధగా విని, పడవ మీద మా పేరు రాయిస్తే ఎవరు చదువుతారమ్మా, చేపలు సిమెంటు కొంటాయా అని అడిగాడు. అడిగిన తీరు మర్యాదగానే ఉంది, పైగా టీ కూడా ఇప్పించాడు. రాయచోటిలో ఒక బంగారు అంగడాయన, పడవ వద్దులేగానీ మీ నలుగురూ మా నగలు పెట్టుకుని ఫోటో దిగుతారా అన్నాడు. మా జట్టులో మిగతా ఇద్దరూ ఆ ఊరి వాళ్లే. ఆ మాట వాళ్ల ఇళ్లలో తెలిస్తే పడవా ఉండదు, చదువూ ఉండదని దండం పెట్టి బయటపడ్డాం.

ఆ సాయంత్రం బస్టాండులో చెరకు రసం తాగుతుంటే ఎదురుగా ఒక బోరు బండి వచ్చి ఆగింది. వెనకే పైపుల లారీ. ఆ లారీ పొడుగు చూడగానే నాకు మా పడవ గుర్తొచ్చింది. దాని పక్కన రాసిన అడ్రసు చదువుకుని మరుసటి రోజే ఊరి బయట ఉన్న ఆ బోర్‌వెల్స్ కంపెనీకి పోయాం. కంపెనీ అంటే రేకుల షెడ్డు, డీజిలు వాసన, గుట్టలుగా పైపులు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన. ఆయనది పత్తికొండ పక్కన ఊరు. మొదట్లో సారు అన్నాను. సారేంది పాపా, పెదనాయనా అను అన్నాడు. ఆ రోజు నుంచి మాకు ఆయన బోర్ల పెదనాయన. నేను బట్టీ పట్టిన ఉపన్యాసం మొత్తం అప్పజెప్పాను. ప్రచారం, పేరు ప్రతిష్ఠలు, యువత భవిష్యత్తు, ఏవేవో. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"మీ పడవ కింద నీళ్లు ఎంత లోతుండాయి పాపా?"

నాకు తెలియదు. ఎవరికి తెలుసు? ముప్పై నలభై అడుగులు ఉండొచ్చని నోటికొచ్చింది చెప్పాను. ఆయన పైపుల గుట్టల వైపు ఒకసారి చూశాడు. తర్వాత, "ఎంత లోతు దించినా నాకు పడని నీళ్లు. మీరు వాటి పైన కూర్చోని పోతాండారా" అన్నాడు. అది ప్రశ్నో, మెచ్చుకోలో, నిష్ఠూరమో నాకు అర్థం కాలేదు. పైపుల లారీ ఇస్తానన్నాడు, మా ఖర్చులన్నీ తనవే అన్నాడు. పాస్టరమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు విరిగింది. ఆయన పెట్టిన షరతు ఒకటే. పడవకు పూజ చేయాలి. కొత్త బండి ఏదైనా పూజ లేకుండా ఆయన షెడ్డు దాటదు. పడవ కూడా బండే కదా అన్నాడు. కాదనడానికి మాకేం అడ్డు? పూజే కదా అనుకున్నాం.

మంచి రోజు చూసి రిజర్వాయరు దగ్గర చేరాం. ఆయన మనుషులు కొత్త బోరు బండికి చేసినట్టే పడవకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు చుట్టారు. పాస్టరమ్మ కాస్త పక్కకు జరిగి నిలబడితే పెదనాయన గమనించి, నీ ప్రార్థన నువ్వు చేసుకో పాపా, రెండూ ఉండనీ అన్నాడు. తర్వాత నిమ్మకాయల దగ్గర చిక్కొచ్చింది. బండికైతే చక్రాల కింద పెట్టి తొక్కిస్తారు. పడవకు చక్రాలు ఏవి? దీని మీద పెద్ద చర్చే జరిగింది. చివరికి డ్రైవరు చెప్పినట్టు నిమ్మకాయలు నీళ్లలో వేసి, పడవ వాటి మీదుగా పోవాలని తీర్మానించారు. వేసిన నిమ్మకాయలు మా కోసం ఆగకుండా తేలుకుంటూ పోయాయి. పీడీ సారు ప్యాంటు మడిచి మోకాలి లోతు దిగి వాటిని వెనక్కి తోలుకొచ్చే పనిలో పడ్డాడు. (సారు నీళ్లలోకి దిగగా మేము చూడటం అదే మొదటిసారి.) ఇక మిగిలింది టెంకాయ.

పెదనాయన తువ్వాలు నడుముకు బిగించాడు. టెంకాయ తీసుకుని పడవ ముక్కు చుట్టూ మూడుసార్లు తిప్పాడు. నేను కింద కొడతాడనుకున్నాను. ఆయన జీవితమంతా ఇనుప బంపర్ల మీద టెంకాయలు కొట్టిన మనిషి. చెయ్యి అలవాటు ప్రకారం లేచింది, అలవాటు ప్రకారం దిగింది. టెంకాయ పగలలేదు. పడవ పగిలింది.

టెంకాయ లోపలికి పోయి కూర్చుంది. బయటికి దాని పిలక ఒక్కటే కనిపిస్తోంది. అంతవరకూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్న పాస్టరమ్మ కళ్లు తెరిచి, పడవను చూసి, "నేను కండ్లు మూసి తెరిచేలోపల ఏం జేసినారుమే" అని నా చెవిలో అడిగింది. పెదనాయన నడుముకున్న తువ్వాలు ఊడదీసి ఆ చిల్లు మీద అదిమిపెట్టి పట్టుకున్నాడు, రక్తం కారుతున్న కాలిని పట్టుకున్నట్టు. పందేలు ఆ వారమే. నాకు ఏడుపు ఆగలేదు. నలుగురం వరసగా గట్టు మీద కూర్చుని ఏడ్చాం. డ్రైవరు పాపం టెంకాయను జాగ్రత్తగా బయటికి తీసి, రాయి మీద కొట్టి, తలా ఒక ముక్క పెట్టాడు. ఏడుస్తూనే తిన్నాం. పొద్దున్నుంచి ఏమీ తినలేదు మరి, టెంకాయ మీద కోపమేంటి?

ఆ తర్వాత ఆయన పడ్డ పాట్లు చెప్పాలి. పైపులకు పూసే జిగురు డబ్బాలు తెప్పించి చిల్లు పూడ్పించాడు. నీళ్లలోకి దించగానే ఆ అతుకు నోరు తెరిచింది. మళ్లీ పూడ్పించాడు, మళ్లీ తెరిచింది. చివరికి హైదరాబాదులో పందేలు నడిపే వాళ్లకు ఫోను చేసి, పడవకు దెబ్బ తగిలింది, పందెం ఒక నెల వెనక్కి జరపండి అని అడిగాడు. ఆయన లెక్కలో అది తప్పేమీ కాదు. బోరు బండి చెడిపోతే రైతు ఆగుతాడు, ఇంట్లో మైల అయితే బండి ఆగుతుంది. అవతలి వాళ్లు దేశమంతటి నుంచీ జట్లు వస్తున్నాయి, ఎలా కుదురుతుందని అన్నారట. ఆయన ఫోను పెట్టేసి, ఏం మనుషులప్పా, ఒక్క నెల ఓర్చుకోలేరా అని నిజంగానే నొచ్చుకున్నాడు. నాకు ఆ ఏడుపులోనూ నవ్వొచ్చింది.

మేము సామాన్లు సర్దుకుంటుంటే ఆయన మా దగ్గరికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"బోరు పడకపోతే రైతు మొగం ఎట్లుంటాదో నాకు తెలుసు పాపా. శానా మందివి చూసినా. చూసి, నా దుడ్లు నేను తీసుకోని బండి ఎక్కి పోతా ఉంటి. నా పని అట్లాంటిది. ఈ పొద్దు మీ మొగాలు అట్లనే ఉండాయి. ఈసారి మాత్రం నేను అట్ల పోలేను."

కొత్త పడవ తెప్పిస్తానన్నాడు. ఎంత తొందరపెట్టినా పందేల లోపల రాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. పందేలు జరిగిపోయాయి. ఎవరు గెలిచారో నేను పేపర్లో చూడలేదు, చూడబుద్ధి కాలేదు. పరీక్షలు రాశాం, హాస్టలు ఖాళీ చేశాం, ఎవరి ఊళ్లకు వాళ్లం చేరాం. పెద్దమనుషుల మాటలు ఇంతేలే అని నేను ఆయన్ను మరిచిపోవడానికి గట్టిగా ప్రయత్నం చేస్తున్న రోజుల్లో పీడీ సారు ఫోను చేశాడు. పడవ వచ్చింది. జూనియర్లు ఎక్కుతామంటే పెదనాయన ఎవర్నీ తాకనివ్వడం లేదు. ముందు ఆ నలుగురు పిల్లోళ్లు ఎక్కాల, తర్వాతే ఎవరైనా అని షెడ్డులో తాళం వేసుకుని కూర్చున్నాడట.

సర్టిఫికెట్లు తెచ్చుకునే పని కూడా ఉండటంతో నలుగురం ఒకే రోజు రిజర్వాయరు దగ్గర కలుసుకున్నాం. మెరిసిపోతున్న పడవ. రెండు వైపులా కంపెనీ పేరు, ఫోను నంబరు, దాని కింద ఎర్రటి అక్షరాలతో "ఇచ్చట బోర్లు వేయబడును". (ఆ తర్వాత మా జూనియర్లు ఆ పడవతోనే చాలా పందేలకు పోయారు. పక్క రాష్ట్రాల వాళ్లు ఆ అక్షరాలకు అర్థం అడిగితే విజయీభవ అని చెప్పేవారట.) పూజ చేయించావా పెదనాయనా అని అడిగాను. షెడ్డులోనే చేసినా, టెంకాయ గేటు బయట కొట్టినా అన్నాడు తల వంచుకుని. నేను యూనివర్సిటీ ఆఫీసులో సర్టిఫికెట్ల పని మీద వచ్చినదాన్ని కాబట్టి చీర కట్టుకుని ఉన్నాను. కుచ్చిళ్లు మోకాళ్ల పైకి దోపుకుని ఎక్కాను. పెదనాయన జీపులో అవతలి గట్టుకు పోయి, అక్కడ తువ్వాలు పైకెత్తి నిలబడ్డాడు. పీడీ సారు ఇటు నుంచి విజిల్ ఊదాడు.

ఎవరూ పోటీ లేరు. ఆపమనే వాళ్లూ లేరు, తరిమే వాళ్లూ లేరు. కానీ మేము ఆ రోజు వేసినట్టు తెడ్లు ఎన్నడూ వేయలేదు. రాయచోటి పిల్లలిద్దరూ పళ్లు బిగించి లాగుతున్నారు. పాస్టరమ్మ స్తోత్రం స్తోత్రం అంటూ ఒక్కో తెడ్డూ వేస్తోంది. నెలల తరబడి పని లేక మెత్తబడిన నా అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. అవతలి గట్టు చేరి, ఊపిరాడక తెడ్ల మీద వాలిపోయాం.

పెదనాయన నీళ్ల అంచు దాకా వచ్చాడు.

"ఎవరు గెలిచినారు పాపా?"

ఆట పట్టిస్తున్నాడనుకుని తలెత్తి చూశాను. ఆయన మొహంలో ఆటేమీ లేదు.

"మేమే పెదనాయనా."

"రెండోది ఎవురు?"

"ఎవరూ లేరు."

ఆయన మా వెనక ఉన్న నీళ్లన్నీ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చూశాడు. ఎక్కడా ఏమీ లేదు, ఎండ తప్ప.

"అట్లయితే శానా దూరంతో గెలిచినట్ల" అన్నాడు.

పాస్టరమ్మ నవ్వడం మొదలుపెట్టి ఏడుపులోకి దిగింది. అంత నోరున్న నేను పగిలిన అరచేతులు నీళ్లలో ముంచి కూర్చున్నాను. ఇప్పుడు ఆఫీసులో ఎప్పుడైనా కాలేజీ రోజుల మాటలు వచ్చి, మేడమ్, మీరేమైనా ఆటల్లో గెలిచారా అని ఎవరైనా అడిగితే, గెలిచానని చెబుతాను. అది అబద్ధమని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఏ పందెం, ఎవరి మీద అని వాళ్లు అడిగేలోపు, చీర కుచ్చిళ్లు దోపుకున్న ఆ ఇరవై ఏళ్ల పిల్ల నాలోంచి ఆయాసపడుతూ తల ఎగరేస్తుంది, నేను ఊరికే నవ్వి ఊరుకుంటాను.