కరిగిన ఎముక

తాండూరులో విశ్వేశ్వర్ బట్టల దుకాణం నడిచిందంతా ఆయన భార్య మనోరమ మాట మీదే. ఎన్ని చీరలు విప్పి చూపించినా ఆమెకు విసుగు రాదు. సరిహద్దు దాటి వచ్చే ఆడవాళ్లతో కన్నడంలోనే బేరమాడేది. నలభై దాటిన కొత్తలో స్కూటరు మీంచి పడి తుంటి విరిగితే హైదరాబాదులో కీలు మార్చారు. అప్పట్నుంచి దుకాణంలో నేల పరుపు మీద కూర్చోవడం మానేసి కుర్చీ వేసుకుంది. మొదట్లో ఏడాదికోసారి ఎక్స్‌రేకు పోయేది. కాలు బాగానే ఉందని తర్వాత మానేసింది.

అలా పదిహేనేళ్లు గడిచాయి. ఈమధ్య అత్త కుర్చీలోంచి లేచి వెంటనే నడవకపోవడం కోడలు నిరోషా గమనించింది. కౌంటర్ పట్టుకుని కాసేపు నిలబడ్డాకే అడుగు వేస్తోంది.

"అత్తమ్మా, తొడల నొస్తున్నదా?"

"లేవంగనే జర పట్టేసినట్టయితది. నాలుగడుగులేస్తే పోతది. మీ మామకు చెప్పకు, ఊకె పరేషానైతరు."

నిరోషా ఊరుకోలేదు. వికారాబాదులో ఎముకల డాక్టరుకు చూపించింది. ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, తొడ ఎముకలో దిగిన లోహపు కడ్డీ చుట్టూ నల్లటి సందులు చూపించాడు.

"కీలులోని ప్లాస్టిక్ గిన్నె ఇన్నేళ్లూ రాసుకుని అరిగిందమ్మా. ఒళ్లు ఆ సన్నటి పొడిని వదిలించుకోబోయి, కడ్డీ చుట్టూ ఉన్న ఎముకను కూడా కరిగించేస్తుంది. కడ్డీ వదులైంది."

"లోపల గింత అయితుంటే నాకు తెల్వకపాయె."

"చాలా కాలం నొప్పి తెలీదు. అందుకే అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయించమంటాం. ఇప్పుడు మళ్లీ మార్చాలి. ఆలస్యం చేస్తే కొత్తది నిలబెట్టడానికి ఎముక మిగలదు."

ఇంట్లో విశ్వేశ్వర్ అన్నాడు: "నడుస్తనే ఉన్నవ్ గద. పెండ్లిళ్ల సీజన్ అయినంక చూద్దం."

మనోరమ ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. మొదటి ఆపరేషన్ తర్వాత ఒకరి చెయ్యి పట్టుకుంటే గానీ లేవలేని రోజులను తలుచుకుంటేనే ఆమెకు భయం. నిరోషా వాదించింది గానీ ఎవరూ వినలేదు.

సీజన్ నడుమ ఒక మధ్యాహ్నం, పక్క అరలోని చీర అందుకోవడానికి మనోరమ నిలబడ్డచోటే తిరిగింది. కాలు జారలేదు, దేనికీ తగల్లేదు. తొడలో టప్పున చప్పుడైంది. ఆ తర్వాతే కూలబడింది. కడ్డీ పక్కన పలచబడ్డ ఎముక విరిగిపోయింది.

హైదరాబాదులో ఆపరేషన్ చాలాసేపు పట్టింది. పొడుగాటి కడ్డీ వేశారు, ఎముక చుట్టూ తీగలు బిగించారు, కరిగినచోట దాతల ఎముక ముక్కలు నింపారు. నెలల తరబడి ఆ కాలు మీద బరువు వేయనివ్వలేదు. దుకాణం నిరోషా చూసుకుంది. విశ్వేశ్వర్ మంచం పక్కనే కూర్చునేవాడు.

"నేనే సీజన్ సీజన్ అన్న," అన్నాడొకసారి.

"మీరన్నరు. నేను ఊ కొట్టిన."

అన్నదే గానీ ఆయన మీద కోపం పోలేదు. అది న్యాయం కాదని తెలిసీ పోలేదు.

ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది. ఆ కాలు కొంచెం పొట్టయింది. మొన్న నిరోషాతో వికారాబాదు వెళితే ఎముక అతుక్కుంటోందన్నాడు డాక్టరు. మళ్లీ కరగదు కదా అని అడిగింది. అలా మాటివ్వలేననీ, ఈసారి ఎక్స్‌రేలు మానొద్దనీ అన్నాడు.

తిరుగు రైల్లో ఆమె తొడ మీంచి చెయ్యి తీయలేదు.

"నొస్తున్నదా అత్తమ్మా?"

"నొస్తలేదు. గదే ఫికరైతున్నది."

నిరోషా ఆమె చేతి మీద తన చెయ్యి వేసింది.