పికప్ ఎంచుకున్న పదకొండు నెలలు

మా బావ కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టరు అనుకునేరు, కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, బట్టల కొట్టు పైన రెండో అంతస్తు ల్యాబ్‌లో, కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి, చిగుళ్ళు దిద్ది, పాలిష్ పట్టి పంపేది ఆయన. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో పెద్దవాళ్ళు సగం మంది మా బావ చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు. వాళ్ళలో ఒక్కరికీ బావ మొహం తెలీదు. పేరంతా డాక్టరుకే పోతుంది.

అందుకే ఆయనకి శనివారం సాయంత్రం అంత ముఖ్యం. వంతెన పక్క కాఫీ షాపులో ఆరు నుంచి ఎనిమిది దాకా, గోడ వారగా ఎత్తు స్టూలు మీద కూర్చుని గిటారు వాయిస్తూ పాడేవాడు. తొమ్మిది టేబుళ్ళ షాపు అది. వచ్చినవాళ్ళలో చాలామంది కాఫీ కోసమే వచ్చేవాళ్ళు, ఆ సంగతి వేరు. కానీ పాట అయ్యాక ముగ్గురో నలుగురో చప్పట్లు కొడితే అవి డాక్టరుకి పోకుండా నేరుగా బావకే వచ్చేవి. వారమంతా ఆ రెండు గంటల కోసమే గడుపుతాడని మా అక్క అనేది, నిజమే. ఆ శనివారాలు పోతే ఆయనకి మిగిలేవి ఊళ్ళోవాళ్ళ పళ్ళే.

గొడవంతా మైకుతో వచ్చింది. గిటారు ముందు మైకు పెడితే, బావ కాస్త ముందుకి వంగినప్పుడల్లా స్పీకరు కుయ్యిమని కూసేది. ఒక శనివారం ఆ కూతకి ఒక పసిపిల్ల జడుసుకుని ఏడుపు లంకించుకుంది. షాపు యజమాని మంచివాడు, మెల్లగానే చెప్పాడు. గిటారుకే పికప్ పెట్టించుకుంటే మైకుతో పని ఉండదని, వైరు నేరుగా స్పీకరుకి తగిలించుకోవచ్చని. పికప్ అంటే పెద్ద యంత్రమేం కాదు. తీగలు వణికితే ఆ వణుకుని పట్టి స్పీకరుకి పంపే చిన్న ముక్క. ఎవరైనా అయితే ఒక పూట వెళ్ళి కొనుక్కొస్తారు. బావ, 'మంచిది ఎంచుకుని వస్తాను, అప్పటిదాకా ఆ కూతతో వాయించను' అని చెప్పి వచ్చేశాడు. యజమాని ఒక వారం అనుకుని తలూపాడు. ఆయనకి మా బావ సంగతి తెలీదు పాపం.

మాకు తెలుసు. ఈయన కళ్ళజోడు ఫ్రేము ఎంచుకోవడానికి నాలుగు నెలలు తీసుకుని, ఆ నాలుగు నెలలూ ఒక కాడ లేని జోడు తాడుతో చెవికి కట్టుకుని తిరిగిన మనిషి. మా అక్కని మాత్రం చూడగానే సరేనన్నాడట. అదొక్కటే ఎలా జరిగిందో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

మొదటి వారమే బావ గిటారుని గిటార్లు బాగుచేసే తాత దగ్గరికి తీసుకెళ్ళాడు. తాత మూడు రకాలు చూపించాడు. ఒకటి, తీగలు ఆనే తెల్లటి ఎముక ముక్క, సాడిల్ అంటారే, దాని కింద పరిచే సన్నటి పట్టీ. రెండోది, గిటారు గుండ్రటి నోటికి అడ్డంగా బిగించే అయస్కాంతం. మూడోది, లోపల చెక్కకి అంటించే బిళ్ళ. చిన్న షాపులో పాడుకోవడానికి మూడిట్లో ఏదైనా ఒకటేనని, ఏదో ఒకటి పెట్టించుకుని పోయి వాయించుకొమ్మని చెప్పాడు. ఏదైనా ఒకటే అన్న మనిషి మీద బావకి నమ్మకం పోయింది. గిటారు చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

ఇక మొదలైంది కోడిగుడ్డు మీద ఈకలు పీకడం. పట్టీ పెడితే శబ్దం గరుకుగా వస్తుందట. అయస్కాంతం పెడితే చెక్క గిటారు చెక్క గిటారులా మోగదట. బిళ్ళ అంటిస్తే చొక్కా గుండీ తగిలినా స్పీకర్లో తలుపు కొట్టినట్టు వినిపిస్తుందట. నాది జిరాక్స్ షాపు కాబట్టి ఆ ఖర్మ నా నెత్తిన పడింది. పంతొమ్మిది పికప్పులు అడ్డంగా, పద్నాలుగు గుణాలు నిలువుగా ఒక పట్టిక తయారుచేసి, నాలుగు కాగితాలు అతికించి గోడకి పెట్టించాడు. వారానికోసారి మార్చి మళ్ళీ ప్రింటు తీయమనేవాడు. లోపలి కొలతలు తీయాలని గిటారు తీగలు విప్పేశాడు. పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం లోపలికి దూర్చి చూసేవాడు. రోజూ ల్యాబ్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని గిటారు ఒళ్ళో పెట్టుకునే మనిషి, ఇప్పుడు ఫోను ఒళ్ళో పెట్టుకుని ఎవరెవరో వాయించిన ముక్కలు వినడం మొదలుపెట్టాడు.

ఆరో నెలలో మాకు పరీక్ష పెట్టాడు. నన్నూ అక్కనీ గోడవైపు తిరిగి కూర్చోమని, నలభై ముక్కలు వినిపించి, ఒక్కోదానికీ పదికి ఎన్నో మార్కులు వేయమన్నాడు. నేను మూడింటికి వేసి మానేశాను. అక్క ఓపిగ్గా అన్నిటికీ తొమ్మిది వేసింది. మధ్యలో ఏ చప్పుడూ లేని ముక్క ఒకటి కావాలనే పెట్టాడట, శ్రద్ధగా వింటున్నామో లేదో చూద్దామని. దానికీ తొమ్మిదే. బావ మొహం మాడ్చుకుని నిలదీశాడు.

"దానికి పది వేయాల్సింది, మర్చిపోయాను" అంది అక్క.

తర్వాత రెండు రోజులు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నాకు మాత్రం నవ్వుకోవడానికి వారానికి సరిపడా దొరికింది.

పదో నెల చివర షాపు యజమాని ఫోను చేశాడు. ఇన్నాళ్ళూ ఫోన్లో పాటలు పెట్టి నెట్టుకొస్తున్నానని, చిన్నపిల్లల బడిలో టీచరమ్మ ఒకావిడ గిటారు వాయిస్తానని అడుగుతోందని, మధ్యలో రెండు మంగళవారాలు వచ్చి వాయించింది కూడానని చెప్పాడు. వచ్చే నెల మూడో శనివారానికి బావ వస్తే సరే, లేకపోతే ఆ పూట ఆవిడకి ఇచ్చేస్తానన్నాడు. బావ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. తెల్లారేసరికి పట్టీ రకం తీసుకుంటానని తేల్చేశాడు. పది నెలలు తేలనిది భయంతో ఒక్క రాత్రిలో తేలింది.

పట్టీ వచ్చేసరికి ఆ మూడో శనివారం ముందు గురువారమైంది. పట్టీ మందం ఎంతో అంత సాడిల్ అడుగున అరగదీయాలి, లేకపోతే తీగలు ఎత్తు పెరుగుతాయి. తాత దగ్గరికి వెళ్దామంటే బావ నన్ను పురుగుని చూసినట్టు చూశాడు. మిల్లీమీటర్లో పదో వంతు తేడా పట్టే చేతికి ఇదొక లెక్కా అన్నాడు. ల్యాబ్‌లో మిషను మీద తనే అరగదీశాడు. కొలత అక్షరాలా సరిపోయింది. కానీ ఇరవై రెండేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? అంచు కనిపిస్తే చాలు, చిగుళ్ళకి గుచ్చుకోకూడదని గుండ్రం చేసేస్తుంది ఆ చెయ్యి. సాడిల్ అడుగు రెండు కొసలా నున్నగా గుండ్రం చేసి, మెరిసేలా పాలిష్ పట్టి, పెట్టి బిగించాడు. తీగలు లాగి వాయిస్తే మధ్య నాలుగూ బ్రహ్మాండంగా మోగాయి. పై కొసన ఒకటి, కింద కొసన ఒకటి మూగబోయాయి. కొసలు పట్టీకి ఆనితేగా!

శుక్రవారం ల్యాబ్‌కి సెలవు పెట్టి ఇద్దరం తాత దగ్గరికి పరిగెత్తాం. తాత సాడిల్ తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరి నోట్లో పెట్టడానికయ్యా ఇది?"

నేను నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాను. తాత కొత్త ఎముక ముక్క తీసుకుని, అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, అడుగు బల్లపరుపుగా రుద్ది, అరగంటలో ఆరు తీగలూ మోగించి ఇచ్చాడు. ఇంటికొచ్చాక బావ చాలాసేపు వైరు శుభ్రంగా చుట్టుకున్నాడు, పట్టిక గోడ మీంచి తీశాడు. వాయించి చూసుకున్నది పది నిమిషాలు.

శనివారం ఆరింటికి నేనూ అక్కా ముందు టేబులు దగ్గర కూర్చున్నాం. వైరు తగిలించి బావ ఒక్కసారి తీగలు మీటాడు. ఉన్నమాట చెప్పాలి, అంత చక్కటి శబ్దం ఆ షాపులో నేనెప్పుడూ వినలేదు. కూత లేదు, గరుకు లేదు. చెయ్యి కడుక్కునే చోట నిలబడ్డవాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. అక్క నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది.

మొదటి పాట గట్టెక్కింది. రెండో పాటలో చూపుడువేలు పరిచి ఆరు తీగలూ నొక్కాల్సిన చోట మూడు నొక్కుకున్నాయి, మూడు చిటపటలాడాయి. ఆడలేక మద్దెల ఓడు అనడానికి ఇప్పుడు మద్దెల బంగారంలా ఉంది. పదకొండు నెలలు వెతికి తెచ్చిన ఆ పికప్, బావ చేసిన ప్రతి తప్పునీ ఏమాత్రం దాచకుండా తొమ్మిది టేబుళ్ళకీ సమానంగా పంచింది. మూడో పాట మధ్యలో ఆపి ఎడమచెయ్యి విదిలించుకున్నాడు. ఏళ్ళ తరబడి వాయించి గట్టిపడ్డ వేలికొసలు పసిపిల్లల వేళ్ళలా మెత్తబడిపోయాయి, తీగలు కోసేస్తున్నాయి. తేలికపాటివి ఇంకో రెండు పాడి, ఏడు కొట్టకుండానే లేచాడు. చప్పట్లు కొట్టింది నేనూ అక్కా.

యజమాని కాఫీ తెచ్చి బావ ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. సౌండు మాత్రం అద్భుతమన్నాడు. కాసేపు టేబులు తుడిచి, ఒక్క సాయం కావాలన్నాడు. టీచరమ్మ గిటారుకి కూడా మైకుతో అదే ఇబ్బందట. ఏ పికప్ పెట్టించుకోవాలో కాస్త చెప్తారా అని అడిగాడు.

నాకు అర్థమైంది. అక్కకీ అర్థమైంది, చేతిలో వైరు చుడుతున్నది ఆగిపోయింది. బావకి మాత్రం మొహం వెలిగింది. కాగితం అడిగి తీసుకుని, గిటారు బొమ్మ వేసి, పట్టీ ఎక్కడ, వైరు ఎటు, ఏ గిటారుకి ఏది నప్పుతుందో పావుగంట చెప్పాడు. ఆ సాయంత్రం మొత్తంలో ఆయన ఒక్కచోట కూడా తడబడనిది ఆ పావుగంటే. నాకు ఎవరైనా ఈయన్ని ఆపితే బాగుండునని అనిపించింది, నేను మాత్రం ఆపలేదు.

వైరు బొమ్మ దగ్గర పెన్ను ఆపి, యజమాని వైపు చూశాడు బావ.

"ఇంతకీ ఆవిడ వాయించేది మంగళవారాలేగా?"

"లేదు సార్" అన్నాడాయన, తలెత్తకుండా. "శనివారాలు."

బావ మళ్ళీ కాగితం మీదకి వంగాడు. తర్వాత మిగిలిన వైరు కూడా చివరిదాకా గీసి, కాగితం నాలుగు మడతలు పెట్టి, ఆయన చేతికిచ్చాడు.