ఊరి అప్పుకు జామీనున్న మనిషి

పోయిన నెల ఒక పొద్దున మా వీధి వాట్సాప్ గ్రూపులో, మోటరు కాలిపోయింది, ఇవాళ నీళ్లు రావు అన్న కబురు కిందనే ఇంకో కబురు కనిపించింది. ఎదురింటి పెద్దమ్మ తెల్లవారుజామున పోయింది, మధ్యాహ్నం తీసుకుపోతారు. దాని కింద ఎవరో మళ్లీ మోటరు సంగతి అడిగారు. నాకు ఒళ్లు మండింది. కాసేపటికి, ఆమె బతికి ఉంటే అందరికంటే ముందు మోటరు సంగతి అడిగేది ఆమేనని గుర్తొచ్చి, ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

నేను తిమ్మాజిపేటలో సర్కారు బడి టీచరును. మా ఊరు అక్కడికి దగ్గరేమీ కాదు. నాగర్‌కర్నూల్ రావాలి, అక్కడి నుంచి వనపర్తి, వనపర్తిలో బస్సు మారి కృష్ణ దాటాలి. దాటాక, గద్వాలకు ముందే వచ్చే చిన్న ఊరు మాది. ఆ రోజు వనపర్తి బస్టాండులో డ్రైవరు చాయ్ తాగుతూ కదలడే. లోపల కూర్చోలేను, దిగి నిలబడలేను. రెండుసార్లు ఎక్కి దిగాను. కండక్టరు నన్ను వింతగా చూశాడు. ఇల్లు చేరేసరికి పాడె లేపుతున్నారు. ముఖం చూశానంటే చూశాను, అంతే.

పెద్దమ్మ అంటున్నాను గానీ ఆమె మాకు చుట్టం కాదు. మా వీధిలో నాకంటే చిన్నవాళ్లందరికీ, నాకంటే పెద్దవాళ్లలో సగం మందికీ ఆమె పెద్దమ్మే. వాళ్లది నేత ఇల్లు. పెద్దనాయన మగ్గం మీద నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసేవాడు. ఆమె వాకిట్లో రాట్నం పెట్టుకుని నూలు కండెలు చుట్టేది. చుట్టేది అనడం కూడా ఎక్కువే. వీధిలో ఎవరి గొంతు వినిపించినా రాట్నం వదిలి గుమ్మంలోకి వచ్చేది. కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతుందని మా అమ్మ నవ్వేది. మా ఇంట్లో ఆమె చాయ్ పూర్తిగా తాగి వెళ్లిన రోజు నాకు గుర్తులేదు. సగం తాగి, ఏదో జ్ఞాపకం వచ్చి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్లిపోయేది. చీమలు పట్టిన గ్లాసు తీసుకుని మా అమ్మ తిట్టుకునేది.

మా ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయినప్పుడు మా వార్డు రిజర్వేషన్లో ఆడవాళ్లకు వచ్చింది. పార్టీవాళ్లు పెద్దనాయన దగ్గరికొచ్చారు. భార్యను నిలబెట్టు, పని నువ్వు చూసుకో అని వాళ్ల ఉద్దేశం. ఆయన మగ్గం ఆపకుండానే, "నాకు మగ్గముంది. ఆమెకు తిరుగుడుంది. ఆమెనే పోనియ్యుండ్రి" అన్నాడు. అట్లా ఆమె కౌన్సిలర్ అయింది. ఆమె తిరుగుడుకు ఒక పేరు దొరికింది, అంతకంటే పెద్దగా మారిందేమీ లేదు.

ఆ రోజుల్లో మా ఊరి ఆడపిల్లలు ఇంటర్ దాకా ఊళ్లోనే చదివి, డిగ్రీకి గద్వాలకో వనపర్తికో బస్సులో పోయేవారు. పొద్దున బస్సు నిండిపోయి వస్తే మా ఊళ్లో ఆపకుండానే పోయేది. చేయి ఎత్తి నిలబడ్డ పిల్లలు దుమ్ము దులుపుకుని ఇంటికి తిరిగొచ్చేవారు. దసరా సెలవుల తర్వాత చాలామంది మళ్లీ పోయేవారు కాదు. పెద్దమ్మ ఆ బస్సు దగ్గరికి రోజూ పోయి డ్రైవర్లతో తగాదా పెట్టుకునేది.

సొంత భవనం చూపిస్తే ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఇస్తామని, లేకపోతే ఇంకో ఊరికి ఇస్తామని పైనుంచి మాట వచ్చింది. మున్సిపాలిటీ దగ్గర భవనం కట్టేంత డబ్బు ఎక్కడిది? అప్పు తేవాలని కౌన్సిల్లో అనుకున్నారు. ఇంటి పన్నులోంచి, కూరగాయల మార్కెట్ దుకాణాల కిరాయిలోంచి ఏటేటా కొంత నేరుగా బ్యాంకుకు పోతుంది. అందరూ సరే అన్నారు. పెద్దమ్మ లేచి, "జామీను ఎవరు?" అని అడిగింది. అందరూ నవ్వారట. ఊరి అప్పుకు జామీను ఉండదమ్మా, ఊరి ఆదాయమే పూచీ అని కమిషనర్ ఓపికగా చెప్పాడట.

ఆమెకు అది మింగుడు పడలేదు. నేనప్పుడు సెలవులకు ఊళ్లోనే ఉన్నాను, సాయంత్రం మా ఇంటికొచ్చింది. పన్ను కట్టేది ఇండ్లవాళ్లే కదా, అంటే జామీను ఇండ్లవాళ్లే కదా, మరి వాళ్లను అడగకుండా ఎట్లా పెడతారు అని నన్ను నిలదీసింది. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. స్థానిక సంస్థలు, వాటి ఆదాయం అన్న పాఠం కూడా ఉంది. ఆ పాఠమంతా చెప్పాను. చట్టం ప్రకారం ఆమె అనుకున్నది తప్పు. ఈ రోజుకూ తప్పే. ఆమె నా పాఠం సగం విని, చాయ్ సగం తాగి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఒక పళ్లెంలో తమలపాకులు, వక్కలు పెట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. మా వైపు ఆకు అందుకుంటే మాట ఇచ్చినట్టే లెక్క. గుమ్మంలో నిలబడి ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఊరు అప్పు చేస్తుంది, ఆడపిల్లల కాలేజీకి. పన్ను ఎగ్గొట్టకుండ కడ్తమని జామీనుంటరా? ఉంటె ఆకు తీస్కోండ్రి. లేకుంటె తిట్టుండ్రి. గానీ దర్వాజ ఎయ్యకుండ్రి."

చాలామంది దర్వాజ వేశారు. జామీను అన్న మాట మా దగ్గర అంత తేలికైనది కాదు. బావమరిదికి జామీనుండి చేను పోగొట్టుకున్నవాళ్లున్నారు, అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్లున్నాయి. రెండు రోజుల్లో ఊరంతా గగ్గోలు. ఊరు కట్టకపోతే బ్యాంకువాళ్లు మన ఇళ్లకు తాళాలు వేస్తారట అని పుకారు పుట్టింది. జనం మున్సిపాలిటీ ఆఫీసు ముందుకు వచ్చారు. చైర్మన్ ఆమెను పిలిచి గట్టిగా కోప్పడ్డాడు. ఊరి అప్పుతో ఎవరికీ ఎలాంటి సంబంధం లేదని ఆటోకు మైకు కట్టి వీధివీధికీ చెప్పించారు.

ఆ మైకు మా వీధిలోకి వచ్చినప్పుడు ఆమె మా అరుగు మీదే ఉంది. తిట్లు తిన్నప్పుడు కూడా చలించని మనిషి, ఆ మాట విని ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఎవ్వరికీ సంబంధం లేదంటున్రు. ఎవ్వరికీ సంబంధం లేని అప్పు తీరుతదా బిడ్డా? ఎవ్వరికీ సంబంధం లేని కాలేజీ నిలవడ్తదా?"

మా అమ్మ లోపలి నుంచి వచ్చి, పళ్లెంలోంచి ఒక ఆకు తీసుకుని, వక్క వేసుకుని అక్కడే నమిలేసింది. నమిలాక ఇక వెనక్కి తీసుకునేది ఉండదు కదా అంది. ఆ తర్వాత పక్కింటావిడ తీసుకుంది. మిర్చి బజ్జీల బండి ఆయన తీసుకున్నాడు. పేర్లు రాసుకోమని నేనంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. కాగితం చూస్తే జనం బెదురుతారంది. ఊరంతా తీసుకున్నారని చెప్పను. తీసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

ఆఖరికి తన ఇంటికి పోయింది. నేను వాళ్ల గుమ్మం దగ్గరే ఉన్నాను. మగ్గం గుంటలో కూర్చున్న పెద్దనాయన ముందు పళ్లెం పట్టింది. ఆయన ఒకప్పుడు తమ్ముడి ట్రాక్టరుకు జామీనున్నాడు. తమ్ముడు రాయచూరు వైపు వెళ్లి మళ్లీ కనిపించలేదు. ఆ వాయిదాలు కట్టడానికి ఇంటి వెనక జాగా, ఒక మగ్గం, ఆమె మెడలోని బంగారు గుండ్లు పోయాయి. అప్పటి నుంచి ఆయన పెళ్లి కార్డుల మీద కూడా తన పేరు వేయనిచ్చేవాడు కాదు. పళ్లెం వంక చూసి, "నన్నడగకు" అన్నాడు. పోగుల మధ్య నాడె మళ్లీ ఆడించాడు. ఆమె పళ్లెం గూట్లో పెట్టేసింది. ఆ సాయంత్రం ఆమె రాట్నం వదిలి గుమ్మంలోకి రాలేదు. తర్వాత ఒకసారి నాతో అంది, దెబ్బ తిన్న మనిషిని అడగడం తప్పే, కానీ ఆయన్నొక్కడినీ అడగకుండా వదిలేస్తే ఇంకా తప్పయ్యేదని.

అప్పు వచ్చింది. భవనం లేచింది. ఆ ఎండాకాలమంతా ఆమె అక్కడే. స్లాబు మీద నీళ్లు సరిగా పట్టడం లేదని కాంట్రాక్టరుతో రోజూ గొడవ. కాలేజీ తెరిచాక, పన్నుల కాలం వచ్చిందంటే గుమ్మంలో ప్రత్యక్షం. కట్టారా, జామీనున్నారు కదా అని గుర్తుచేసేది. నిజం చెప్పాలంటే మాకు విసుగొచ్చేది. ఆమె వస్తుంటే చూసి టీవీ గొంతు పెంచినవాళ్లు కూడా ఉన్నారు. కానీ మా వార్డులో పన్ను బాకీ దాదాపు ఎవరికీ ఉండేది కాదు.

కౌన్సిల్ గడువు అయిపోయింది. కొత్త ఎన్నికలు లేవు, ఊరు ప్రత్యేకాధికారి చేతిలోకి పోయింది. ఆమె ఇక కౌన్సిలర్ కాదు. అప్పటికే గుండె జబ్బు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈ ఎండాకాలంలో, అద్దె ఇంట్లో నడుస్తున్న ఒక సర్కారు ఆఫీసును కాలేజీ కింది గదుల్లోకి తాత్కాలికంగా మారుస్తారని తెలిసింది. కింది గదులు పోతే కొత్త పిల్లలకు చోటుండదు. చోటు లేకపోతే చేర్చుకోరు. రెండు మూడేళ్లు చేర్చుకోకపోతే కాలేజీ దానంతట అదే మూతపడుతుంది. అప్పు మాత్రం ఉంటుంది. ఒకరోజు లారీలో ఆఫీసు బీరువాలు వచ్చి వరండాలో దిగాయి.

నాకు బడి సెలవులు. ఆటోలో ఆమెను అధికారి దగ్గరికి తీసుకుపోయాను. చిన్న వయసువాడు, మర్యాదగానే కుర్చీ చూపించాడు. అంతా విని, ఇప్పుడు మీరు ఏ హోదాలో వచ్చారని అడిగాడు. వెటకారంగా అడగలేదు, ఏదో రాసుకోవాలి కాబట్టి అడిగాడు.

"పదవి పోయింది సారూ. జామీను పోలే. అప్పు తీరేదాక ఉంట."

జామీను అన్నది ఫైలులో ఎక్కడా లేదే అని ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. లేదు సార్, అయినా ఈమె జామీనుంది, నేనూ ఉన్నాను అన్నాను. పైకి రాస్తానన్నాడు. బీరువాలు గదుల్లోకి పోలేదు, వెనక్కీ పోలేదు. వరండాలోనే టార్పాలిన్ పట్టా కప్పుకుని నిలబడ్డాయి. బడి తెరిచి నేను తిమ్మాజిపేట వెళ్లాక కూడా ఆమె ఫోన్ చేసేది. హలో ఉండదు, బాగున్నావా ఉండదు. బీరువాలు ఇంకా అక్కడే ఉన్నాయి, ఏం చేద్దాం అనేది. దవాఖానలో ఉన్నప్పుడు కూడా అదే మాట. క్లాసులో ఉన్నానని ఒక్కోసారి ఫోన్ పెట్టేసేదాన్ని. ఇప్పుడు ఫోన్ మోగితే చాలు, చేయి దానంతట అదే దాని మీదికి పోతోంది.

దినం రోజు వాకిట్లో భోజనాల బంతులు నడుస్తున్నాయి. తింటున్నవాళ్లలో ఎవరో, ఇక కాలేజీ సంగతి ఎవరు అడుగుతారు అన్నారు. మా దగ్గర జామీనున్న మనిషి పోతే ఆ చోట ఇంకొకరు నిలబడాలి, లేకపోతే అప్పిచ్చినవాడు ఊరుకోడు. అది అందరికీ తెలుసు. అందరూ విస్తళ్లలోకి చూసుకున్నారు. ఉద్యోగం అంత దూరాన ఉంటే నేనేం చేయగలనని నాకు నేనే చెప్పుకుంటున్నాను. విస్తరి మడిచి లేచిపోయాను.

అప్పుడే పెద్దనాయన కనిపించడం లేదన్నారు. ఇల్లంతా వెతికారు. మగ్గం దగ్గర లేడు, వెనక లేడు. మనిషి దిగులు మీదున్నాడు, బావుల వైపు చూడండి అని ఎవరో అనేసరికి నా కాళ్లు ఆగలేదు. ఎటు పోతున్నానో తెలియకుండానే కాలేజీ దారి పట్టాను.

వరండాలో, బీరువాలకూ మొదటి తరగతి గది తలుపుకూ మధ్య ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. అత్తగారివాళ్లు పెట్టిన కొత్త పంచె, మడతలు కూడా విప్పుకోలేదు. లోపల పాఠం నడుస్తోంది.

"ఇక్కడేంది పెద్దనాయినా? ఇంట్ల అందరు పరేషాన్ అయితున్రు."

ఆయన నా వైపు చూడలేదు.

"ఊరికి నేను జామీనుండ బిడ్డా. ఊరి సంగతి నాకు తెల్వదు. ఆమెకు ఉంట."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. కాసేపటికి గంట కొట్టారు. తలుపు తెరుచుకుని ఆడపిల్లలు ఒక్కసారిగా బయటికొచ్చారు. వాళ్లకు దారి చాలడం లేదని ఆయన కాళ్లు లోపలికి ముడుచుకున్నాడు.